ఎరుపొచ్చిందా గుంటా?

నర్సమ్మ పోయిందని డుంబ్రిగుడ జీపు డ్రైవరు ఫోను చేసి చెప్పాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. విశాఖపట్నంలో మా ఆఫీసు క్యాంటీనులో ఉన్నాను. కొండ మీది వాళ్ళ నంబర్లు మొదటిసారి మోగితే నేను ఎత్తను. రెండేళ్ళుగా అదొక అలవాటు. రెండోసారి మోగితే ఎత్తాను.

"మేడమ్, నర్సమ్మగోరు పోయారు. మొన్న లక్ష్మివారం నాడు. జొరంతోటే మూడ్రోజులు డూటీకి ఎల్లారంట. నాలుగో రోజుకి మెదడుకి ఎక్కీసింది. మీకు ఎవులూ సెప్పుండరని సేత్తన్నాను."

ఎవరూ చెప్పలేదు. మలేరియా మాత్రలు సంచిలో వేసుకుని ముప్పై ఏళ్ళు కొండలెక్కిన మనిషి మలేరియాతోనే పోయింది. అతను దినం ఎప్పుడో, ఎక్కడో చెబుతున్నాడు. నేను వింటూనే పళ్ళెంలో అన్నం కలుపుతున్నాను. తినడం కూడా ఆపలేదు. ఈ సంగతి దాచి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

ఆవిడ పేరు మాత్రం రాయను. ఒక కాగితం మీద ఆ పేరు ఉంది, దాని కింద నా సంతకం ఉంది. ఆ తర్వాత ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు. కొండ మీద అందరూ నర్సమ్మ అనేవాళ్ళు. నేను అక్కా అనేదాన్ని.

డుంబ్రిగుడ సంత వీధిలో ఎరువుల కొట్టు మీద రెండు గదులు. అదే మా ప్రాజెక్టు ఆఫీసు. కొండ ఊళ్ళలోని గర్భిణుల వివరాలు నర్సులు ఫోనులోనే రాసుకునేలా ఒక చిన్న యాప్ తయారుచేయాలి. చెయ్యడానికి నేనొక్కదాన్నే. మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఇంజినీరింగు అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉండి, ఇంటికి దగ్గర ఉద్యోగమని వచ్చాను తప్ప కొండల మీద ప్రేమతో కాదు.

యాప్ వాడి చూసి తప్పులు చెప్పడానికి ఒక నర్సుని ఇమ్మని మా ప్రాజెక్టు సారు అడిగితే పైవాళ్ళు ఆవిడని పంపారు. ఎందుకు ఆవిడనే పంపారో తర్వాత తెలిసింది. మీటింగుల్లో లేచి ప్రశ్నలు వేస్తుందట. వారానికో పూట మా దగ్గర కూర్చుంటే అక్కడ వాళ్ళకి కాస్త ప్రశాంతంగా ఉంటుందని.

సంత రోజున వచ్చేది. పొద్దున సంతలో ఒక మూల రేకు కింద కూర్చుని, కూరగాయలమ్ముకోవడానికి దిగొచ్చిన ఆడవాళ్ళని పట్టుకుని కళ్ళు చూసి, కాళ్ళ వాపు చూసి, మాత్రలిచ్చి, ఆ తర్వాత మా మెట్లెక్కేది. గుమ్మం బయట చెప్పులు విడిచేది. గొడుగు మూలకి నిలబెట్టేది. మనిషి పొట్టి, నడక పొడుగు. తెల్ల కోటు చేతిసంచిలో మడిచి ఉండేది గాని ఒంటి మీద చూసిన గుర్తు లేదు నాకు.

మొదటి రోజు ఫోను చేతికిచ్చి, తను చూసే గర్భిణుల వివరాలు ఎక్కించమన్నాను. దాన్ని బారెడు దూరంలో పట్టుకుని, పెదవులు కదుపుతూ ప్రతి అక్షరం చదివింది. నొక్కబోయే ముందు ప్రతిసారీ చూపుడువేలు కొంగుకి తుడుచుకుంది.

"ఇక్కడ ఫోను నంబరడుగుతోంది. ఈ గుంటకి ఫోను లేదు. ఏటి రాయమంటావు?"

"పది అంకెలు వెయ్యందే ముందుకి వెళ్ళదక్కా."

"అది ఎల్లకపోతే మానె. నేనెల్లాలి గదా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తన సొంత నంబరు కొట్టింది. తర్వాతి మనిషికీ అదే, ఆ తర్వాతి మనిషికీ అదే. ఆ పూట పదకొండు మంది గర్భిణులు ఆవిడ నంబరు మీదే నమోదయ్యారు. సాయంత్రానికి 'మీకు ఆరో నెల, పాలు, గుడ్లు తీసుకోండి' లాంటివి పదకొండు సందేశాలు ఆవిడ ఫోనుకే వచ్చాయి.

మర్నాడు ఫోను చేసి, "ఒలే, ఈ వయసులో నాకు పదకొండు కడుపులు పెట్టీసావు గదే!" అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఫోనులోంచి గదంతా వినబడింది.

నంబరు లేకపోయినా ఫర్వాలేదన్నట్టు మార్చాను. పాత రికార్డుల్లో మాత్రం ఆవిడ నంబరు అలాగే ఉండిపోయింది. దిద్దాల్సిన అవసరం ఉందని అప్పుడు నాకు తోచలేదు.

తర్వాతి సంతకి వచ్చినప్పుడు అడిగింది. "ఆ రోజు సెప్పిన తప్పు సరిసేసావు. బాగుంది. ఇంకేదో మార్సినప్పుడు అది మళ్ళీ రాదని నీకేటి నమ్మకం?"

అది మా పనిలో అందరికన్నా పెద్ద ప్రశ్న. కాలేజీలో నేను అడగనిది. కంప్యూటరు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి చూపించాను. నేనొక చిన్న ఆదేశం కొడతాను. బిల్డ్ టూల్ అనేదొకటి నేను రాసిన ఫైళ్ళన్నీ పోగుచేస్తుంది. ముందు పరీక్షలు పెడుతుంది. అన్నీ పాసైతే ఆకుపచ్చ గీత వస్తుంది, ఫోన్లలో ఎక్కించుకునే ప్యాకేజీ తయారవుతుంది. ఒక్క పరీక్ష తప్పినా ఎర్ర గీత వచ్చి అక్కడే ఆగిపోతుంది. ప్యాకేజీ కట్టదు.

"ఆ పరీక్సలు ఎవులు రాత్తారు?"

"నేనే. మీరు చెప్పిన ప్రతి తప్పుకీ ఒకటి."

"అంటే నేను సెప్పింది అది గుర్తెట్టుకుంటాది. కొత్తది కట్టినప్పుడల్లా మళ్ళీ అడుగుతాది."

"అవునక్కా."

"నువ్వు మర్సిపోయినా?"

"నేను మర్చిపోయినా."

స్టూలు దగ్గరికి లాక్కుంది. "అయితే రాసుకో" అంది.

అక్కడ మొదలైంది. ప్రతి సంతకీ ఇద్దరు ముగ్గురు మనుషులని మోసుకొచ్చేది. వయసు అడిగితే, పెద్ద గాలివానకి ఇల్లు కూలిన ఏడు పుట్టానని చెప్పే మనిషి. "నీ ఫోను ఒప్పుకోదు, అంకె కావాలంటాది. నేనో అంకె కట్టి రాసీనా? అది అబద్దం గదా?" సర్కారు కాగితంలో ఒక పేరు, మనుషుల నోట్లో ఇంకో పేరు ఉన్న ఊరు. కాన్పుకి అమ్మగారింటికి కొండకవతల పోయి మూడు నెలల దాకా తిరిగిరాని పిల్ల. ఒక్కొక్కరికీ నేనొక పరీక్ష రాశాను. పరీక్షలకి పేర్లు పెట్టాలి కాబట్టి ఆ మనుషుల పేర్లే పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ పేర్లని చదివి వినిపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "వీలందరూ నీ కంప్యూటర్లో కూకున్నారా! తెలిస్తే సిగ్గుపడి సత్తారు" అనేది.

ఆవిడ చేత్తో పాడవని ఫోను లేదు. కావాలనే పేరు రాసేచోట వయసు కొట్టేది. సగం రాసి ఫోను ఆపేసేది. తడిచేత్తో నొక్కేది. వాన పడుతుంటే ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, సంత వీధి చివరి దాకా నడిచొచ్చి, రాసింది ఉందో పోయిందో చూసేది. మా సారు ఓసారి విసుక్కున్నాడు. "ఇలా ఎవరు వాడతారమ్మా?"

"నేను వాడతాను సార్."

మరి నేను బిల్డ్ కొట్టినప్పుడల్లా స్టూలు మీద ముందుకి వంగి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అడిగేది.

"ఎరుపొచ్చిందా గుంటా?"

రాలేదంటే నిరుత్సాహపడేది. వచ్చిందంటే సంబరం. నాకు ఒళ్ళు మండేది. ఎర్ర గీత వస్తే నాకు మళ్ళీ పని. ఓరోజు అడిగేశాను, మీకెందుకక్కా అంత ఆనందమని.

"ఎరుపొస్తే మంచిదే కదే. ఇక్కడ వచ్చింది. కొండ మీద రాలేదు."

ఆ మాట ఇప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్ళకి నేను చెబుతుంటాను. ఎవరన్నారో చెప్పను. నా సొంత మాట అనుకుంటారు.

ఆవిడ దగ్గర పొడుగాటి నోటుబుక్కులు ఉండేవి. పేరు, ఊరు, నెల, రక్తం ఎంత. వాటి పక్కన ఏ రిజిస్టరులోనూ ఉండని గడి ఒకటి తనే గీసుకుంది. అందులో, 'ఎడమ చెవికి పోగు లేదు', 'నవ్వదు', 'మొగుడు తాగితే రాదు, అత్తకి కబురెట్టాలి', 'సూదంటే భయం, ముందు తినడానికి ఒడిసల ఉండ పెట్టాలి'. అలాంటి మాటలు. ఎందుకక్కా ఇదంతా అంటే, కొండల్లో ఏ వారం పుడితే ఆ వారం పేరు పెడతారని, ఊరంతా ఒకే ఇంటిపేరని, పేరు చూస్తే మనిషి దొరకదని చెప్పింది.

"శుక్రవారం పుడితే సుక్రి. కిల్లో వాళ్ళ ఊళ్ళో శుక్రవారం పుట్టినోళ్ళు ఎందరుంటారో లెక్కేసుకో. ఇదిగో, ఈ ఊళ్ళో ఇద్దరు. ఇద్దరూ కిల్లో సుక్రిలే. ఇద్దరికీ ఇరవైరెండేళ్ళు రాసాను. ఇద్దరికీ కడుపే. ఒకత్తి ఎగువ ఇళ్ళు, ఒకత్తి దిగువ ఇళ్ళు. దిగువదానికి రెండోది, బలంగా ఉంది. ఎగువదానికి ఇదే తొలిసూలు, రక్తం లేదు. నీ ఫోను వీళ్ళని కలిపీకుండా సూసుకో."

"కలపదక్కా."

"కలపదని రాసుకో."

రాశాను. ఇద్దరు సుక్రిలు ఇద్దరుగానే ఉండాలని పరీక్ష. ఆకుపచ్చ వచ్చింది. ఆవిడ ఇంకోసారి కొట్టించింది. మళ్ళీ ఆకుపచ్చే.

యాప్ ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు పైనుంచి ఒక మాట వచ్చింది. జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు పడుతోందట, అంకెలు పెరిగి కనబడుతున్నాయట. ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే ఫోను నంబరు ఉంటే ఆ రికార్డుల్ని ఒకటిగా చేసేయమన్నారు. ప్రారంభోత్సవం ముందు రాత్రి కూర్చుని చేశాను. రెండు గంటల పని.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్న పదింటికి చివరి ప్యాకేజీ కట్టడానికి ఆదేశం కొట్టాను. కింద షామియానా వేశారు. అధికారిగారి కారు అరకు దాటిందని ఫోను వచ్చింది. ఎర్ర గీత వచ్చింది. ఒక్కటే. ఇద్దరు సుక్రిల పరీక్ష.

ఎందుకొచ్చిందో చూడగానే తెలిసింది. ఇద్దరూ ఆ మొదటి రోజు పదకొండు మందిలోని వాళ్ళే, ఇద్దరికీ ఫోను లేదు. ఇద్దరి రికార్డులోనూ ఉన్నది నర్సమ్మ నంబరే. పేరు ఒకటి, ఊరు ఒకటి, నంబరు ఒకటి. నేను రాసిన కొత్త పద్ధతి ఇద్దరినీ ఒకే మనిషి అనుకుంది.

"ఎన్ని పరీక్షలున్నాయి?" మా సారు నా వెనక నిలబడి అడిగాడు.

"నలభై దాకా ఉన్నాయి సార్."

"ఎన్ని పోయాయి?"

"ఒకటి."

"ఒక్కదాని కోసం కారు వెనక్కి పంపుదామా? ఆ పరీక్ష వదిలేసి కట్టడానికి దారి లేదా?"

ఉంది. ప్రతి బిల్డ్ టూల్‌లోనూ ఉంటుంది. ఆదేశం చివర ఇంకో మాట చేరిస్తే పరీక్షలు పెట్టకుండానే ప్యాకేజీ కట్టేస్తుంది. ఆ మాట నేను ఎప్పుడూ వాడలేదు. 'తర్వాత చూడాలి' అని ఒక కాగితం మీద రాసుకుని, ఆ మాట చేర్చి కొట్టాను. అరనిమిషంలో ప్యాకేజీ తయారైంది.

మెట్ల దగ్గర నర్సమ్మ ఎదురైంది. ఆ రోజు కోటు తొడుక్కుని వచ్చింది. ఆవిడ ఒంటి మీద కోటు చూసిన గుర్తు లేదని పైన రాశాను. నిజానికి చూశాను. ఆ ఒక్కరోజు. "అంతా బాగా వచ్చిందా?" అంది. బాగా వచ్చిందన్నాను.

ఆ సభలోనే నర్సుల దగ్గర నోటుబుక్కులు తీసేసుకున్నారు. ఇక కాగితం ఉండదని చప్పట్ల మధ్య చెప్పారు. ఆవిడవి ఏడు పుస్తకాలు. బల్ల మీద పెడుతూ ఒకదాని అట్ట వొంగితే సరిచేసి పెట్టింది. వేదిక మీద నా పేరు పిలిచి శాలువా కప్పారు. ఆ మధ్యాహ్నం అధికారిగారు, ఈ యాప్ వాడకం మిగతా నర్సులకి ఎవరు నేర్పుతారని అడిగితే, ఆవిడ పేరు చెప్పింది నేనే. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. పదిహేను రోజులు శిక్షణ ఇవ్వడానికి ఆవిడని పాడేరు వేశారు.

వెళ్ళే ముందురోజు దిగువ సుక్రికి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ ఆ రికార్డు తెరిచి, కాన్పు అయిందని నొక్కి, మూసింది. యాప్ ఇద్దరు సుక్రిల్నీ ఒకటి చేసి ఇద్దరి రికార్డులూ మూసేసింది. ఒకే నిమిషంలో, ఆవిడ లాగిన్ కింద.

కాన్పుకి రెండు వారాల ముందే కొండ ఊళ్ళ ఆడవాళ్ళని కిందికి దించి ఉంచడానికి ఒక వసతి ఇల్లు ఉంది. ఎవరిని దించాలో యాప్ జాబితా ఇస్తుంది. జాబితా పట్టుకుని జీపు వెళ్తుంది. ఆవిడ బదులు వచ్చిన కొత్త నర్సుకి ఆ ఊళ్ళు కొత్త. జాబితాలో ఉన్న వాళ్ళని దించింది. లేని వాళ్ళని ఎలా దించుతుంది?

ఎగువ సుక్రికి నొప్పులొచ్చి రెండు రోజులు ఇంట్లోనే ఉంది. మూడో రోజు మనుషులు మోసుకుని దించారు. బిడ్డ దక్కలేదు. రక్తం ఆగక గర్భసంచి తీసేశారు. సుక్రి బతికింది.

విచారణ హుకుంపేటలో జరిగింది. ఒక గదిలో బల్లకి అటు అధికారి, ఇటు మా సారు, నేను, నర్సమ్మ. పాడేరు నుంచి తిన్నగా వచ్చింది, సంచి ఇంకా భుజానే ఉంది. అధికారి కంప్యూటరు తెర ఆవిడ వైపు తిప్పాడు.

"ఈమెకి కాన్పు అయిపోయిందని మీ లాగిన్‌తో నమోదైంది. మీరేనా?"

"దిగువ సుక్రికి నొక్కాను సార్. ఎగువ సుక్రిది నేను ముట్టనేదు."

"రెండూ మీ పేరునే ఉన్నాయి. ఒకే నిమిషం."

"నేను ముట్టనేదు సార్" అని నా వైపు చూసింది. నమ్మకంగా చూసింది. ఇప్పుడు ఈ గుంట చెబుతుంది అన్నట్టు.

అధికారి కూడా నా వైపు తిరిగాడు. "ఏమ్మా, యాప్‌లో ఏమైనా లోపం ఉందా?"

మా సారు బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. నన్ను చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు.

"సిస్టమ్‌లో అలానే ఉంది సార్" అన్నాను.

అబద్ధం కాదు. సిస్టమ్‌లో అలానే ఉంది. ఆ ఒక్క వాక్యం ఎంత జాగ్రత్తగా ఏరుకున్నానో నాకే ఆశ్చర్యం. 'నమోదు చేసిన వారి పొరపాటు' అని నివేదిక తయారైంది. ఆవిడ పేరు రాశారు. సాంకేతిక సిబ్బంది అన్నచోట నేను సంతకం పెట్టాను.

బయట వరండాలో ఆవిడ గొడుగు కోసం చూస్తోంది. వాన మొదలైంది. తప్పించుకుని పోదామనుకున్నాను గాని గొడుగు నా వెనకే గోడకి ఆనించి ఉంది.

"ఆ సబ రోజు పొద్దున్న" అంది, మామూలు గొంతుతో, "ఎరుపొచ్చిందా గుంటా?"

"వచ్చిందక్కా."

"ఎవులది?"

"సుక్రిలదే."

తల ఊపింది. "ఎందరికి తెల్సు?"

"సారుకి. నాకు."

"ఇప్పుడు నాకు" అని గొడుగు తీసుకుని వానలోకి దిగిపోయింది.

నెల తిరక్కుండా ఆవిడని రాజవొమ్మంగి వైపు వేశారు. ఒక్క మొహం కూడా తెలియని ఊళ్ళు. ముప్పై ఏళ్ళు పోగేసుకున్న మనుషులందరినీ ఇక్కడ వదిలేసి, యాభై దాటాక మొదటి ఇంటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఆ తప్పు సరిచేశాను. పావుగంట పట్టింది. పరీక్ష పాసైంది, ఆకుపచ్చ గీత వచ్చింది. కొత్త ప్యాకేజీతో పాటు ఏం మార్చామో రెండు ముక్కలు రాసి పంపాలి. 'చిన్న చిన్న లోపాలు సరిచేయబడ్డాయి' అని రాశాను. అందరూ అలాగే రాస్తారు. ఆ ఏడాది మా ప్రాజెక్టుకి గాజు జ్ఞాపిక ఒకటి వచ్చింది. ఆ తర్వాత నేను విశాఖపట్నంలో ఉద్యోగం చూసుకుని వచ్చేశాను.

వచ్చేసిన రెండో నెలలో ఆవిడ ఫోను చేసింది. తిడుతుందని సిద్ధపడి ఎత్తాను.

"గుంటా, ఇక్కడ ఒక ఊళ్ళో ఇద్దరు లచ్చిమిలు ఉన్నారు. అక్కాసెల్లెల్లు. ఇద్దరికీ ఒకే పేరెట్టారు, పెద్దది బతకదనుకుని. తండ్రి పేరు కూడా ఒకటే. నీ ఫోను వీళ్ళని ఏటి సేత్తాదో సూడు. రాసుకో."

అంతే. ఎలా ఉన్నావని లేదు. ఫోను పెట్టేసింది.

ఆ ప్రాజెక్టులో నేను లేనని చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు అంటే కాస్త గౌరవంగా ఉంటుంది. నిజానికి చెబితే ఇంకో మాట వస్తుందని భయం. రెండు నెలలకోసారి చేసేది. నది దాటితే పేరు మారే ఊరు. చెవిటి తల్లి. కవలలు. ప్రతిసారీ చివర్న "రాసుకున్నావా?" అనేది. "రాసుకున్నానక్కా" అనేదాన్ని. ఒక్కటీ రాసుకోలేదు. రాసినా ఇచ్చే చోటు నాకు లేదు. నా తర్వాత ఆ యాప్‌ని పట్టించుకున్న వాళ్ళు లేరని, ఆ పరీక్షలు ఎవరూ నడపడం లేదని తెలుసు. కిటికీ లోంచి రోడ్డు చూస్తూ, రాసుకుంటున్నట్టు మధ్యమధ్య ఊఁ కొట్టేదాన్ని. ఆ తర్వాత కొండ మీది వాళ్ళ నంబర్లు మొదటిసారి మోగితే ఎత్తడం మానేశాను. ఆవిడ రెండోసారి తప్పక చేసేది.

దినానికి వెళ్ళాను. డుంబ్రిగుడకి అవతల, కాఫీ తోటల కింద ఆవిడ అన్నగారి ఇల్లు. జీపు డ్రైవరు దింపి, పనుందని వెళ్ళిపోయాడు. ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు చాలామంది నడిచి వచ్చారు. చంటిపిల్లలు, పెద్ద పిల్లలు. వాళ్ళలో సగం మంది ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే అయ్యుంటారు. మా ప్రాజెక్టు వాళ్ళు ఎవరూ రాలేదు.

పందిరికి దూరంగా, రాతి గోడ మీద ఒకామె ఒంటరిగా కూర్చుంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన రాజ్మా గింజలు, దినానికి తెచ్చినట్టుంది, లోపలికి తీసుకెళ్ళలేదు. నేనూ లోపలికి వెళ్ళలేక ఆ గోడ మీదే కూర్చున్నాను. ఏ ఊరని అడిగాను. చెప్పింది. పేరు అడగకూడదని తెలిసే అడిగాను.

"సుక్రి. కిల్లో సుక్రి."

"ఎగువ ఇళ్ళా?"

తలెత్తి చూసింది. "మీకెలా తెల్సు?"

నేను జవాబు చెప్పేలోపే తనే అందుకుంది. ఎవరికైనా చెప్పాలని ఉన్నట్టుంది. "ఈ యమ్మ పున్యానే నా బిడ్డ పోయిందని మా ఊళ్ళో అందరూ అన్నారు. పుస్తకంలో నా పేరు కొట్టీసిందని. నానూ అన్నాను. ఎంత తిట్టానో. అక్కడికి బదిలీ ఎల్లిపోయాక కూడా వచ్చింది నా కాడికి. మూడుమార్లు. అంత దూరం నుంచి. నాను తలుపు తియ్యలేదు. గుమ్మం ముందు కాసేపు కూకుని ఎలిపోయేది. ఇప్పుడు సచ్చిపోయిందని ఇన్నాను. కోపం ఎంతకాలం ఉంటాది? వచ్చాను. కానీ లోనికి ఎల్లాలంటే కాళ్ళు రాలేదు."

లోపల ఎవరో ఏడుస్తున్నారు. గోడ రాయి చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

"ఆవిడ తప్పు కాదు సుక్రీ. నాది."

అర్థం కానట్టు చూసింది. వీలైనంత చిన్న మాటల్లో చెప్పాను. ఫోనులో రాసేది తయారుచేసింది నేనని. మీరిద్దరూ వేరని నర్సమ్మ ముందే చెప్పిందని. అయినా నా పనిలో మీరిద్దరూ ఒకరైపోయారని, ఆ సంగతి నాకు ఆ పొద్దున్నే కనబడిందని, కనబడినా వదిలేశానని. దిగువ సుక్రికి బిడ్డ పుట్టగానే నీకూ పుట్టేసినట్టు పడిపోయిందని. విచారణలో నోరు విప్పలేదని.

సుక్రి మూట ముడి విప్పి, మళ్ళీ వేసింది.

"ఇది ఆ యమ్మకి తెల్సా?"

"తెలుసు."

"నా గుమ్మంలో కూకున్నప్పుడు తెల్సా?"

"తెలుసు."

"మూడుమార్లూ?"

"మూడుసార్లూ తెలుసు."

"తెల్సి కూడా నీ పేరు సెప్పలేదు" అంది, నాతో కాదు, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. గోడ దిగింది. చీర దులుపుకుంది. మూట చంకన పెట్టుకుని పందిరి వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఆ యమ్మ మూడుమార్లు వచ్చింది. నువ్వెన్నిమార్లు వచ్చావు?"

నిజంగా జవాబు కోసమే అడిగింది. మూట ఇంకో చంకకి మార్చుకుంది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ ఊరు ఏ కొండ మీద ఉందో ఈ రోజుకీ నాకు తెలియదు.